పాత స్టూడియో ఫ్లాష్ లైట్లు కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు అరగంట ఇలా పరీక్షించండి

"మా ఊళ్లో ఒక స్టూడియో మూసేస్తున్నారు. రెండు ఫ్లాష్‌లు, స్టాండ్లు, గొడుగులు అన్నీ కలిపి తక్కువకే ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?" ఫొటోగ్రఫీ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే అంతా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

పాత లైట్లు కొనడం తప్పేమీ కాదు. పాస్‌పోర్ట్ ఫొటోలు, ఫ్యామిలీ ఫొటోలు తీసిన చిన్న స్టూడియోల్లోంచి బయటికొచ్చే లైట్లలో మంచివి చాలానే ఉంటాయి. కానీ టెస్ట్ బటన్ నొక్కగానే "టప్" మని వెలిగితే చాలు, లైటు బాగుందనుకుంటాం. అక్కడే మోసపోతాం. స్టూడియో లైటుకి మనం డబ్బులిచ్చేది ప్రతిసారీ ఒకే వెలుగు ఇస్తుందని. అది వరసగా ఫ్లాష్ కొట్టి చూస్తేనే తెలుస్తుంది, చూపులకి తెలియదు.

నా మొదటి జత అలాగే కొన్నాను. అమ్మినాయన రెండుసార్లు ఫ్లాష్ కొట్టి చూపించాడు, నేను డబ్బులిచ్చేశాను. వారం తర్వాత తెలిసినవాళ్ల పాప బారసాలకి పట్టుకెళ్లాను. వరసగా తీస్తుంటే ప్రతి నాలుగో ఐదో ఫొటో నల్లగా వస్తోంది. పాపని ఉయ్యాల్లో వేసే క్షణం ఒక్కటంటే ఒక్క ఫ్రేములోనూ సరిగా రాలేదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళితే కెపాసిటర్ (ఫ్లాష్‌కి కావాల్సిన కరెంటుని నిలవచేసే భాగం) పోయిందన్నాడు. బాగుచేయించడానికి చెప్పిన ఖర్చు నేను లైటుకి పెట్టినదానికంటే ఎక్కువ. కింద రాసిన పరీక్షలన్నీ ఆ తర్వాత నేర్చుకున్నవే.

వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలి

- మీ సొంత కెమెరా, మీరు రోజూ వాడే లెన్స్. అమ్మేవాళ్ల కెమెరాతో పరీక్షించొద్దు.
- రేడియో ట్రిగ్గర్ (కెమెరా బటన్ నొక్కగానే వైరు లేకుండా ఫ్లాష్‌ని వెలిగించేది), దాంతోపాటు సింక్ కేబుల్ (అదే పని వైరుతో చేసేది). కొన్ని లైట్లకి 3.5 మి.మీ. పిన్ను, కొన్నిటికి లావుపాటి 6.35 మి.మీ. పిన్ను పడుతుంది. రెండూ ఉంటే మంచిది.
- ట్రైపాడ్. లేకపోతే కెమెరా కదలకుండా పెట్టుకోవడానికి ఒక స్టూలు.
- ఫోన్. టార్చ్‌కి, స్టాప్‌వాచ్‌కి రెండిటికీ పనికొస్తుంది.
- మల్టీమీటర్. ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే మామూలుది చాలు.
- వీలైతే తోడుగా ఒక మనిషి. మీరు కెమెరాలో చూస్తుంటే ఆయన లైటు దగ్గర ఉంటాడు.

1. ముందు ఎంత పవర్ కావాలో తేల్చుకోండి

అమ్మేవాళ్లు "నాలుగొందల వాట్స్ లైటు" అంటారు. నిజానికి అది వాట్ సెకండ్ల లెక్క. ఒక్కో ఫ్లాష్‌కి ఎంత శక్తి బయటికొస్తుందో ఆ అంకె చెప్తుంది. 200 నుంచి 400కి వెళ్తే ఒక్క స్టాప్ (అంటే వెలుగు రెట్టింపు) పెరుగుతుంది, 400 నుంచి 800కి మరో స్టాప్. అంతకుమించి తేడా లేదు. లైటు మీద "ఈక్వివలెంట్" అన్న మాటతో రాసిన పెద్ద అంకెలని లెక్కలోకి తీసుకోకండి.

పది బై పన్నెండు గదిలో ఒకరిద్దరి ఫొటోలకి 200 నుంచి 300 సరిపోతుంది. పదిమంది గ్రూపుకైతే 400 ఉంటే నిశ్చింత. కొత్తవాళ్లు పెద్ద పవర్ ఉంటే మంచిదేగా అనుకుంటారు. ఇక్కడ ఇంకో అంకె చూడాలి, అదే ఎంతవరకు తగ్గుతుందన్నది. పాత లైట్లు చాలావరకు ఫుల్ పవర్‌లో 1/8 వంతు దగ్గరే ఆగిపోతాయి. అలాంటి 400 లైటుకి సాఫ్ట్‌బాక్స్ (వెలుగుని మెత్తబరిచే గుడ్డ పెట్టె) తగిలించి మనిషికి దగ్గరగా పెట్టి, వెనకంతా మెత్తగా బ్లర్ అవ్వాలని అపర్చర్ బాగా తెరిచి ఎఫ్ 2.8లో తీద్దామంటే ఫొటో తెల్లగా పాలిపోతుంది. చిన్న గదిలో పనిచేసేవాళ్లకి 1/16 లేదా 1/32 దాకా తగ్గే చిన్న లైటే ఎక్కువ పనికొస్తుంది.

మొదట ఒక్కటి కొనమనే నేను చెప్తాను. వెలుగు తిప్పికొట్టడానికి రెండోవైపు తెల్ల థర్మాకోల్ షీటు నిలబెట్టండి. దాంతోనే ఆరు నెలలు నేర్చుకోవచ్చు.

2. ఫోన్‌లో అడగాల్సినవి

బయల్దేరే ముందే కంపెనీ పేరు, మోడల్ నంబర్, వెనక లేబుల్ ఫొటో పంపమనండి. వాటిని బట్టి మూడు విషయాలు చూడండి.

మొదటిది వోల్టేజ్. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన లైట్ల మీద కొన్నిసార్లు 120 వోల్టులు అని మాత్రమే ఉంటుంది. అది మన ప్లగ్గులో పెడితే మొదటి నిమిషంలోనే పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చని కొందరంటారు. అది బరువు, ఖర్చు, మోసుకెళ్లడానికి ఇబ్బంది. కొత్తవాళ్లకి వద్దు.

రెండోది మౌంట్, అంటే ముందు సాఫ్ట్‌బాక్స్ తగిలించే చోటు. బోవెన్స్ మౌంట్ ఉంటే సామాను ఎక్కడైనా దొరుకుతుంది. గోడాక్స్ కంపెనీ స్టూడియో లైట్లలో ఎక్కువ వాటికి ఇదే ఉంటుంది. బోవెన్స్ అనేది బ్రిటన్ కంపెనీ. అది 2017లో మూతపడింది, కానీ దాని మౌంట్ మాత్రం ప్రపంచమంతా నిలిచిపోయింది. కాబట్టి మౌంట్ బోవెన్స్‌ది అయితే సంతోషం. లైటే బోవెన్స్‌ది అయితే స్పేర్ పార్టుల సంగతి ఆలోచించుకోవాలి. ఎలిన్‌క్రోమ్, ప్రొఫోటో లైట్లకి సొంత మౌంట్లు ఉంటాయి. లైట్లు గొప్పవే గానీ వాటి సాఫ్ట్‌బాక్స్‌ల ధర ముందే కనుక్కోండి.

మూడోది ట్యూబు, అంటే ఫ్లాష్ వెలిగే గాజు గొట్టం. అదే మోడల్ ఫ్లాష్ ట్యూబు ఇప్పటికీ దొరుకుతుందా? హైదరాబాద్ కోఠీలోని కెమెరా దుకాణాలకో, మీ ఊరి ఫ్లాష్ మెకానిక్‌కో ఫోన్ చేసి అడగండి. దొరకదంటే ఎంత చవకైనా వదిలేయండి.

చూడకుండా ఆన్‌లైన్‌లో డబ్బులు పంపి పార్సిల్ తెప్పించుకోవడం అసలు వద్దు. లోపల ఉండేది గాజు ట్యూబు. పైగా "బదిలీ అయింది, అర్జెంటుగా అమ్ముతున్నా, ముందు ట్రాన్స్‌పోర్ట్ డబ్బులు పంపండి" అనేవాళ్ల వలలో పడినవాళ్లు చాలామంది ఉన్నారు.

3. ప్లగ్గు పెట్టకముందే చూడాల్సినవి

టార్చ్ వేసి ట్యూబుని చూడండి. రెండు చివర్ల దగ్గర కొద్దిగా నలుపు ఉంటే మామూలే. ట్యూబు మొత్తం పొగచూరినట్టుంటే అది చాలా ఫ్లాష్‌లు కొట్టేసింది. సన్నటి పగులు కనిపిస్తే ట్యూబు మార్చాల్సిందే. లేత పసుపు రంగు కనిపిస్తే కంగారుపడకండి. అల్ట్రావయొలెట్ ఆపడానికి కొన్ని ట్యూబులకి, గాజు మూతలకి అలాంటి పూత వేస్తారు. ట్యూబుని చేత్తో తాకొద్దు. వేళ్ల జిడ్డు అంటుకున్నచోట గాజు వేడికి దెబ్బతింటుంది.

స్క్రూల తలలు అరిగి, గీతలు పడి ఉంటే లైటు ఎవరో విప్పారన్నమాట. ఎందుకు విప్పారో అడగండి. ట్యూబు మార్చామంటే మంచి మాటే. గాలి రంధ్రాల దగ్గర ముక్కు పెట్టి చూడండి. కాలిన వాసన వస్తే అక్కడితో ఆపేయండి. ప్లగ్గుకి మూడు పిన్నులూ ఉండాలి. ఎర్తింగ్ పిన్ను విరగ్గొట్టిన వైరుతో లైటు వెలిగించనివ్వొద్దు.

హెచ్చరిక: లైటు బాడీ మీరు ఎప్పుడూ విప్పొద్దు. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకి పైగా నిలవ ఉంటుంది. ప్రాణం పోతుంది. విప్పడం మెకానిక్ పని.

4. నిద్రపోయిన లైటుని మెల్లగా లేపండి

ఈ మెట్టు చాలామందికి తెలియదు. లైటు నెలల తరబడి వాడకుండా ఉంటే లోపలి కెపాసిటర్ బలహీనపడుతుంది. అలాంటిదాన్ని పెట్టగానే ఫుల్ పవర్‌లో కొడితే బాగున్న లైటు కూడా పాడవుతుంది.

రెండోసారి నేను లైటు కొన్నది ఒక పెద్దాయన దగ్గర. నేను వెళ్లగానే బటన్ నొక్కి చూపిస్తాడనుకున్నాను. ఆయన పవర్ నాబ్‌ని బాగా కిందికి తిప్పి, ప్లగ్గు పెట్టి, స్విచ్ వేసి వదిలేశాడు. "తమ్ముడూ, దీనికి కరెంటు చూపించి ఏడాది దాటింది. ఓ గంట తక్కువలో ఉండనిద్దాం, ఈలోపు టీ తాగొద్దాం పద" అన్నాడు. గంట తర్వాత తక్కువ పవర్‌లో పది ఫ్లాష్‌లు, సగంలో పది, ఆ తర్వాతే ఫుల్. ఆ లైటు ఇప్పటికీ నా దగ్గర పనిచేస్తోంది.

అందుకే మీరు వెళ్లడానికి గంట ముందే లైటు తక్కువ పవర్‌లో ఆన్ చేసి ఉంచమని ఫోన్‌లోనే చెప్పండి. ఆన్ చేసిన లైటు దగ్గర చెవిపెట్టి వినండి. సన్నటి కూత వచ్చి ఆగిపోతే సరే. ఫ్లాష్ కొట్టకపోయినా కూత మళ్లీ మళ్లీ వస్తూ రెడీ లైటు (ఛార్జ్ అయిందని చూపే చిన్న దీపం) ఆరి వెలుగుతుంటే కెపాసిటర్ ఛార్జ్ నిలబెట్టుకోవడం లేదని అనుమానించండి. చిటపటలు వినిపిస్తే వెంటనే ఆపేయండి.

5. కెమెరాకి తగిలించే ముందు వోల్టేజ్ కొలవండి

బాగా పాత లైట్లలో సింక్ కేబుల్ గుండా వందల వోల్టులు కెమెరాలోకి వస్తాయి. కెమెరా సర్క్యూట్ పోవచ్చు. లైటు ఆన్‌లో ఉండగా సింక్ కేబుల్ లైటు వైపు గుచ్చి, రెండో చివర లోపలి పిన్నుకి, బయటి అంచుకి మల్టీమీటర్ పెట్టి డీసీ వోల్టులు చూడండి. లోహాన్ని వేళ్లతో ముట్టుకోవద్దు. 6 వోల్టులలోపు ఉంటే ఏ బెంగా లేదు. అంతకంటే ఎక్కువుంటే మీ కెమెరా మాన్యువల్‌లోనూ, ట్రిగ్గర్ మాన్యువల్‌లోనూ ఎంతవరకు తట్టుకుంటుందో చూశాకే తగిలించండి.

మల్టీమీటర్ లేకపోతే ఇంకో దారి ఉంది. దాదాపు అన్ని లైట్లకీ స్లేవ్ సెన్సర్ ఉంటుంది. ఇంకో ఫ్లాష్ వెలుగు చూడగానే ఇదీ వెలుగుతుంది. కెమెరా మీది చిన్న ఫ్లాష్‌ని మాన్యువల్ మోడ్‌లో, అతి తక్కువ పవర్‌లో పెట్టి కొట్టండి. కేబుల్‌తో పనే లేదు. టీటీఎల్ మోడ్‌లో (ఫ్లాష్ పవర్‌ని కెమెరాయే నిర్ణయించే ఆటో మోడ్) మాత్రం పెట్టొద్దు. ముందు వచ్చే ప్రీ ఫ్లాష్‌కే స్టూడియో లైటు వెలిగిపోయి, అసలు ఫొటో చీకటిగా వస్తుంది.

6. పది ఫ్లాష్‌ల పరీక్ష

మిగతావన్నీ వదిలేసినా దీన్ని వదలొద్దు.

లైటుని తెల్లగోడ వైపు తిప్పండి. కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి మాన్యువల్ మోడ్, ఐఎస్ఓ 100, షటర్ 1/125, వైట్ బ్యాలెన్స్ ఫ్లాష్ గుర్తు దగ్గర పెట్టండి. ఆటో అన్నది ఎక్కడా ఉండకూడదు. మోడలింగ్ ల్యాంప్ (వెలుగు ఎలా పడుతుందో చూపించడానికి ఆగకుండా వెలిగే బల్బు) ఆపేయండి. ముందు ఫ్లాష్ లేకుండా ఒక ఫొటో తీయండి. అది దాదాపు నల్లగా రావాలి. అంటే గది వెలుతురు పరీక్షలోకి రావడం లేదన్నమాట. ఇప్పుడు లైటు ఫుల్ పవర్‌లో పెట్టి, గోడ బూడిద రంగులో వచ్చేదాకా అపర్చర్‌నీ లైటు దూరాన్నీ సరిచూసుకోండి. తెల్లగా పేలిపోతే తేడా కనిపించదు.

రెడీ బీప్ వచ్చాక ఒక సెకను ఆగి ఫ్లాష్ కొట్టండి. అలా పది. తర్వాత కెమెరా వెనక స్క్రీన్ మీద మొదటి నుంచి చివరిదాకా వేగంగా తిప్పుతూ చూడండి. ఒకే ఫొటో చూస్తున్నట్టుండాలి. ఏదైనా ఒకటి రెప్పపాటులో మసకబారితే కంటికి ఇట్టే తెలిసిపోతుంది. హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) పెట్టి దాని గుట్ట పక్కకి జరిగిందేమో చూడండి. ఇదే పరీక్ష అతి తక్కువ పవర్‌లోనూ చేయండి. కొన్ని లైట్లు ఫుల్‌లో బాగుండి, తక్కువలో తడబడతాయి.

మొదటిసారి ఒక ఫొటో తేడాగా వస్తే వెంటనే లైటుని తప్పుపట్టకండి. బీప్‌కి ముందే కొట్టారేమో, ట్రిగ్గర్ బ్యాటరీ తక్కువుందేమో చూసి మళ్లీ పది తీయండి. రెండోసారీ అలాగే వస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. "చాలా రోజులుగా వాడలేదు కదా, నాలుగు రోజులు వాడితే సర్దుకుంటుంది" అంటారు. గంటసేపు తక్కువలో ఉంచి లేపాక కూడా సర్దుకోనిది మీ ఇంటికొచ్చి సర్దుకోదు.

7. పవర్ నాబ్ నిజం చెప్తోందా?

ఫుల్ పవర్ దగ్గర ఎఫ్ 16లో ఎక్స్‌పోజర్ సరిగా వచ్చేలా దూరం సర్దుకోండి. తర్వాత సగం పవర్, ఎఫ్ 11. పావు పవర్, ఎఫ్ 8. 1/8 పవర్, ఎఫ్ 5.6. నాలుగు ఫొటోలూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. కొద్దిపాటి తేడాకి లెన్స్ కూడా కారణమే, దాన్ని పట్టించుకోవద్దు. ఒక మెట్టు దగ్గర కొట్టొచ్చినట్టు తేడా ఉంటే నాబ్ అరిగిపోయింది.

ఒక్క జాగ్రత్త. పవర్ తగ్గించాక చాలా పాత లైట్లు లోపల ఎక్కువగా ఉన్న ఛార్జ్‌ని వాటంతటవే వదిలించుకోవు. టెస్ట్ బటన్ ఒకసారి నొక్కి ఖాళీ చేయాలి. లేకపోతే తర్వాతి ఫొటో తెల్లగా వస్తుంది. అది లోపం కాదు, ఆ లైటు తీరే అంత.

8. రీఛార్జ్ సమయం, రంగు, వేడి

ఫుల్ పవర్‌లో కొట్టి మళ్లీ బీప్ వచ్చేదాకా స్టాప్‌వాచ్‌లో చూడండి. సాధారణంగా ఒకటి నుంచి మూడు సెకన్లు. ఆరేడు సెకన్లు పడుతుంటే, ముందు ఆ ఇంట్లో కరెంటు వోల్టేజ్ సరిగా ఉందో లేదో చూడండి. లో వోల్టేజ్‌లో మంచి లైటు కూడా నిదానిస్తుంది.

పది ఫొటోల్లో మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి గోడ రంగు చూడండి. ఒకటి పసుపుగా, ఒకటి నీలంగా ఉండకూడదు. రెండు లైట్లు కొంటుంటే రెండూ విడివిడిగా గోడ మీద కొట్టి రంగులు పోల్చండి. రెండిటి రంగూ వేరైతే ఒకే ముఖం మీద రెండు రంగులు పడతాయి. సాఫ్ట్‌వేర్‌లో దాన్ని సరిచేయడం నరకం.

మోడలింగ్ ల్యాంప్ పది నిమిషాలు వెలగనిచ్చి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. బల్బు పోయుంటే పెద్ద ఖర్చు కాదు. ముందుండే నల్ల ప్లాస్టిక్ మూత తీశాకే ఆన్ చేయండి. దాన్ని మరిచిపోయి మూత కరిగించేవాళ్లు చాలామంది.

9. బేరం

అన్నిటిలో నెగ్గిన లైటుకైనా కొత్తదాని ధరలో సగం దాటి ఇవ్వొద్దని నా మాట. ఆ మోడల్ ఇప్పుడు కొత్తది దొరక్కపోతే ఇంకా తక్కువకే అడగండి. రిఫ్లెక్టర్, మూత, పవర్ కేబుల్, స్పేర్ ఫ్యూజు, వీటిలో ఏది లేకపోయినా దాని ఖరీదు తీసేయమనండి. స్టాండు పూర్తిగా పైకి లాగి, నాబ్ బిగించి, చేత్తో గట్టిగా కిందికి నొక్కి చూడండి. జారితే స్టాండ్లు వదిలేసి లైటొక్కటే తీసుకోండి. జారే స్టాండు మీది లైటు పిల్లల మీద పడుతుంది.

లైటు బాగానే ఉన్నా చెడిపోయిందనుకునే సందర్భాలు

ఇంటికొచ్చాక నాకు ఫోన్ చేసేవాళ్లలో సగంమంది సమస్య కెమెరాలోనే ఉంటుంది.

ఫొటోలో ఒకవైపు నల్లటి పట్టీ వస్తోందా? షటర్ వేగం ఎక్కువైంది. 1/125కి దించండి. ఫ్లాష్ అసలు పడటం లేదా? కెమెరాలో సైలెంట్ షటర్ ఆన్‌లో ఉందేమో చూడండి. మిర్రర్‌లెస్ కెమెరా స్క్రీన్ నల్లగా ఉండి ఏమీ కనిపించడం లేదా? ఎక్స్‌పోజర్ ప్రివ్యూ ఆపేయండి. ట్రిగ్గర్ లైటుతో మాట్లాడటం లేదా? రెండిటి ఛానల్ ఒకటేనా చూడండి, ఒక కంపెనీ ట్రిగ్గర్‌కి ఇంకో కంపెనీ లైటు లోపలి రిసీవర్ పలకదు. గోడాక్స్‌లోనే ఎస్‌కే 400కి రిసీవర్ బయట తగిలించాలి, ఎస్‌కే 400 టూకి లోపలే ఉంటుంది. పేరు చివర ఆ చిన్న అంకె చూసుకోక డబ్బులు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

కొన్నాక

ఎర్తింగ్ ఉన్న ప్లగ్గులోనే పెట్టండి. ఏసీ, ఐరన్ బాక్స్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకి దీన్ని కలపొద్దు. ఇంటి ఇన్వర్టర్ మీద వాడొద్దు. పని అయిపోగానే బ్యాగులో పెట్టకుండా పావుగంట చల్లారనివ్వండి.

ఫోన్‌లో నెలకోసారి మోగేలా రిమైండర్ పెట్టుకోండి. ఆ రోజు షూటింగ్ ఉన్నా లేకపోయినా లైటు బయటికి తీసి, తక్కువ పవర్‌లో గంటసేపు ఆన్‌లో ఉంచి, గోడ మీద పది ఫ్లాష్‌లు కొట్టండి. ఆ పది ఫొటోలూ తేదీ వేసి దాచుకోండి. ఆర్నెల్ల తర్వాత లైటు మీద అనుమానం వస్తే మొదటి నెల ఫొటోల పక్కన పెట్టి చూసుకోవచ్చు.